పాత ఎక్స్‌ఎస్650కి ముందు ఫోర్కులు: 35 వేయాలా, 43 వేయాలా?

రెండుసిలిండర్లు

అందరికీ నమస్కారం. 1975 నాటి యమహా ఎక్స్‌ఎస్650ని డర్ట్ ట్రాక్‌కు (మట్టి ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమకే తిరిగే పందేలకు) సిద్ధం చేస్తున్నాను. ఇంజిను పని అయిపోయింది. హెడ్‌లైటు, మీటర్లు, మడ్‌గార్డులు అన్నీ విప్పేశాను. వెనుక 18 అంగుళాల చక్రం తీసేసి రెండు వైపులా 19 వేశాను. ఇబ్బందంతా ముందు భాగంతోనే. మలుపులోకి దిగేటప్పుడు బాగానే ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పగానే, ముఖ్యంగా మలుపు మధ్యలో గతుకులు తగిలితే, హ్యాండిల్ చూపు ఒకవైపు, చక్రం చూపు ఒకవైపు.

ఇప్పుడున్నవి కంపెనీ నుంచి వచ్చిన 34 మి.మీ. ఫోర్కులు (ఈ అంకె గొట్టం వ్యాసం). నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, 1977 నుంచి వచ్చిన ఎక్స్‌ఎస్650ల 35 మి.మీ. ఫోర్కులు. రెండోది, మొదటి తరం యమహా ఆర్6 నుంచి 43 మి.మీ. ఫోర్కులు, వాటిని బండి మెడకు పట్టి ఉంచే క్లాంపులతో సహా. రెండూ అందుబాటులోనే ఉన్నాయి. ఒక్క మిల్లీమీటరు కోసం ఇంత శ్రమ దండగ అనిపించి మనసు 43 వైపే లాగుతోంది. చేసి చూసినవాళ్లు చెప్పండి.

బలభీమ43

ఇందులో ఆలోచించడానికి ఏముంది? 43 వేసేయండి. గొట్టం గోడ మందం ఒకటే అనుకుంటే, వంగకుండా నిలబడే బలం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 34 నుంచి 35కి వెళ్తే దక్కేది 9 శాతం. 34 నుంచి 43కి వెళ్తే రెట్టింపు. పైగా ఆర్6 ఫోర్కుల్లో కార్ట్రిడ్జి డ్యాంపింగ్ (ఫోర్కు ఊపును అదుపు చేసే లోపలి వాల్వుల ఏర్పాటు) ఉంటుంది, బయటినుంచే స్క్రూ తిప్పి సర్దుకోవచ్చు. ఫ్లాట్ ట్రాక్ ఫ్రేములు కట్టేవాళ్లు ఆ ఫోర్కుల కోసం ఎందుకు వెతుకుతారో ఒకసారి ఆలోచించండి.

ఎడమమలుపు

బలభీమ గారి లెక్క తప్పు కాదు, కానీ ముందు అడగాల్సిన ప్రశ్న అది కాదు. రెండుసిలిండర్లు గారూ, ఏ క్లాసులో దింపుతున్నారు? కొన్ని వింటేజ్ క్లాసులు ఆ కాలపు ఫోర్కులను మాత్రమే ఒప్పుకుంటాయి. బండి అంతా సిద్ధం చేసుకుని వెళ్లాక తనిఖీ దగ్గర ఆపేస్తే ఎవరినీ అనలేరు. నియమావళి చదివాకే పానా పట్టుకోండి.

ఇంకొకటి. ఇప్పుడున్న 34 ఫోర్కులను దేనికోసం, ఎలా పరీక్షించారు? మీరు చెప్పిన లక్షణం సన్న గొట్టాల వల్లా రావచ్చు, అరిగిన కోన్‌సెట్టు (హ్యాండిల్ తిరిగే మెడ బేరింగులు) వల్లా రావచ్చు, వదులైన స్పోకుల వల్లా, వెనుక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బుష్‌ల వల్లా రావచ్చు. ఎక్స్‌ఎస్650లలో ఆ స్వింగ్ ఆర్మ్ బుష్‌ల సంగతి పాత చేతులకు తెలిసిందే. వెనుక ఆట (వదులు) ఉంటే ముందు ఏ ఫోర్కు వేసినా బండి అలాగే ఊగుతుంది.

రెండుసిలిండర్లు

నేను దిగే క్లాసులో ఫ్రేము, ఇంజిను పాతవై ఉండాలి. ఫోర్కుల మీద పట్టింపు లేదు. స్వింగ్ ఆర్మ్‌కు కంచు బుష్‌లు వేయించాను, ఆట లేదు. కోన్‌సెట్టు చూడలేదు.

లేతుమాస్టర్

అయితే చక్రం విప్పకముందే చూడండి. ఇంజిను కింద దిమ్మ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపండి. ఫోర్కు కింది కాళ్లను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. మెడ దగ్గర టక్‌మని తగిలితే వదులు. తరువాత హ్యాండిల్‌ను ఒక్క వేలితో నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. చక్రం నేరుగా ఉన్న చోట గంటులో పడ్డట్టు ఆగితే బేరింగు రేసులు (గుండ్లు దొర్లే వలయాలు) పోయాయని అర్థం. ఈ పాత బండ్ల మెడలో విడి గుండ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి ఒకే చోట దెబ్బలు తిని రేసులో గుంటలు పడతాయి. టేపర్ రోలర్ బేరింగులు వేసుకోవడం ఎలాగూ మంచిదే.

ఆ తరువాత గాజు పలక పరీక్ష. చక్రం తీసేసి, రెండు ఫోర్కు గొట్టాల మీద అడ్డంగా మందపాటి గాజు ముక్క ఆనించండి. అంచులు నూరిన గాజు అయితే చేతికి క్షేమం. నాలుగు మూలలూ గొట్టాలకు ఆనితే రెండూ సమాంతరంగా ఉన్నట్టు. పలక ఊగితే క్లాంపు మెలిపడింది, లేదా గొట్టం వంగింది. ఏదో తేల్చాలంటే గొట్టాలు బయటికి తీసి వి-బ్లాకుల (వి ఆకారపు దిమ్మల) మీద డయల్ గేజితో (ముల్లు కదలికతో వంపు చూపే పరికరంతో) తిప్పాలి. ముల్లు కదలిక 0.2 మి.మీ. దాటితే మార్చమంటాయి చాలా మాన్యువళ్లు.

ధూళిరేఖ

మీ చర్చంతా గొట్టం లావు చుట్టూనే తిరుగుతోంది. ఫోర్కులు మార్చేటప్పుడు బండి స్వభావాన్ని మార్చేది గొట్టం లావు కాదు, క్లాంపు ఆఫ్‌సెట్ (మెడ మధ్యరేఖ నుంచి గొట్టాలు ఎంత ముందుకు ఉన్నాయన్న దూరం), ఫోర్కు పొడవు. ఈ రెండూ కలిసి ట్రెయిల్‌ను, అంటే మెడ గీత నేలను తాకే చోటు నుంచి టైరు ఆనే చోటు ఎంత వెనుక ఉందన్న దూరాన్ని నిర్ణయిస్తాయి. ట్రెయిల్ చెడితే 43 కాదు, 50 మి.మీ. గొట్టం వేసినా ఉపయోగం ఉండదు.

లెక్క కష్టమేమీ కాదు. చక్రం వ్యాసార్ధాన్ని రేక్ (మెడ నిలువు నుంచి వెనక్కి వాలిన) కోణపు సైన్‌తో గుణించి, అందులోంచి ఆఫ్‌సెట్ తీసేసి, వచ్చినదాన్ని అదే కోణపు కొసైన్‌తో భాగించాలి. 19 అంగుళాల డర్ట్ ట్రాక్ టైరు వ్యాసార్ధం సుమారు 340 మి.మీ. అనుకుందాం. రేక్ 27 డిగ్రీలు.

ఆఫ్‌సెట్ 60 అయితే ట్రెయిల్ 106.
ఆఫ్‌సెట్ 50 అయితే 117.
ఆఫ్‌సెట్ 30 అయితే 140.

ఆ చివరి అంకె చూడండి. ఆధునిక స్పోర్ట్ బైకుల క్లాంపుల ఆఫ్‌సెట్ 25 నుంచి 35 దాకా ఉంటుంది. వాటి రేక్ నిటారుగా, 24 డిగ్రీల దగ్గర, చక్రం 17 అంగుళాలు. అక్కడ ఆ ఆఫ్‌సెట్ సరిపోతుంది. అదే క్లాంపును పడుకున్న మెడ, పెద్ద చక్రం ఉన్న పాత ఫ్రేముకు తగిలిస్తే 140 వస్తుంది. మలుపులోకి దించాలంటే హ్యాండిల్‌తో కుస్తీ పట్టాలి. వెనుక చక్రం జారిందా, ముందుది సర్దుకునేలోపే బండి గోడ దగ్గర ఉంటుంది.

ముందు భాగాన్ని కిందికి దించి రేక్ తగ్గిస్తే సరిపోదా అని ఎవరో ఒకరు అడుగుతారు. అదీ లెక్కేశాను. ఆఫ్‌సెట్ 30తో 118కి రావాలంటే రేక్ 24 దాకా దిగాలి, అంటే 3 డిగ్రీలు. వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం) 1400 మి.మీ. ఉన్న బండిలో ముందు 25 మి.మీ. దించితే మారేది సుమారు 1 డిగ్రీ. 75 మి.మీ. దించితే ఎగ్జాస్టు, ఫుట్‌పెగ్గు నేలకు రాసుకుంటాయి, బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది.

నా బండ్లలో ట్రెయిల్‌ను 90, 105 మధ్య ఉంచుతాను. గట్టిపడి నల్లగా మెరిసే ట్రాక్ మీద తక్కువ వైపు, మట్టి వదులుగా లోతుగా ఉంటే ఎక్కువ వైపు. ఇది నా అలవాటు, శాసనం కాదు.

బలభీమ43

ఆర్6 క్లాంపే వేయమని ఎవరన్నారు? ఆర్6 గొట్టాలు పెట్టుకుని, ఆఫ్‌సెట్ 55 ఉండేలా వేరే క్లాంపులు చేయించుకోవచ్చు. ఆఫ్‌సెట్ మార్చుకోగలిగే క్లాంపులు కూడా ఉన్నాయి, లోపల ఎక్సెంట్రిక్ బుష్ (రంధ్రం నడిమికి కాక పక్కకు ఉన్నది) తిప్పితే చాలు.

ధూళిరేఖ

చేయించుకోవచ్చు, ఒప్పుకుంటాను. నా అభ్యంతరం క్లాంపులతో సహా దొరికింది కదా అని అలాగే ఎక్కించేయడానికే. ఒక జాగ్రత్త కూడా. ఆఫ్‌సెట్ అంటే క్లాంపులో ఉన్నదొక్కటే కాదు. కొన్ని ఫోర్కుల్లో, ముఖ్యంగా మోటోక్రాస్ బండ్లవాటిలో, ఇరుసు గొట్టం మధ్యరేఖకు ముందుగా ఉంటుంది. ఆ దూరాన్ని కూడా క్లాంపు ఆఫ్‌సెట్‌కు కలుపుకోవాలి. అది మరిచి లెక్కేస్తే ట్రెయిల్ 30, 40 మి.మీ. తేడా వస్తుంది.

రెండుసిలిండర్లు గారూ, మీరు వెనుక 18 తీసి 19 వేశామన్నారు. వెనుక భాగం ఎంత లేచిందో, ముందు టైరు మారడం వల్ల ముందు ఎంత లేచిందో కొలవండి. రెండింటి తేడాను బట్టి మీ రేక్ ఇప్పటికే కాస్త నిటారుగా మారి ఉంటుంది.

లేతుమాస్టర్

43 వైపు వెళ్లేవాళ్లకు రెండు మాటలు. మొదటిది చక్రం ఎత్తు. 120/70-17 టైరు వ్యాసార్ధం 300 మి.మీ. మీ 19 అంగుళాల టైరుది 340 పైనే. అంటే చక్రం పైఅంచు కింది క్లాంపుకు 40 మి.మీ. దగ్గరగా వస్తుంది. స్ప్రింగులు తీసేసి, ఫోర్కును పూర్తిగా అణచి, టైరుకూ క్లాంపుకూ మధ్య ఖాళీ ఎంతో చూడండి. గతుకులో టైరు క్లాంపుకు తగిలితే ముందు చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆ తరువాత సంగతి నేను చెప్పక్కర్లేదు.

రెండోది స్టెమ్, అంటే క్లాంపు నుంచి మెడలోకి దూరే కడ్డీ. పాత ఫ్రేము మెడకు కొత్త క్లాంపు స్టెమ్ సరిపోదు. మెడ పైన, కింద లోపలి వ్యాసాలు, మెడ పొడవు, స్టెమ్ మీద బేరింగు కూర్చునే రెండు చోట్ల వ్యాసాలు, వాటి మధ్య దూరం, అన్నీ కాగితం మీద రాసుకోండి. బయటి వ్యాసం మీ మెడకు, లోపలి వ్యాసం కొత్త స్టెమ్‌కు సరిపోయే బేరింగు దొరికితే అదృష్టం. లేకపోతే పాత స్టెమ్‌ను కొత్త క్లాంపులోకి ప్రెస్సుతో దించాలి. క్లాంపును వేడి చేసి, స్టెమ్‌ను ఫ్రీజరులో పెట్టి చల్లబరిస్తే సులువుగా దిగుతుంది. క్లాంపులో రంధ్రం లూజుగా ఉందని వెల్డింగు పెట్టేవాళ్లున్నారు. అల్యూమినియం క్లాంపుకు ఇనుప స్టెమ్‌ను వెల్డింగుతో అతికించడం కుదిరే పని కాదు. బుష్ తిప్పించి, బిగుతుగా దించాలి, కింద అడ్డంగా పిన్ను వేయాలి. లేతు మీద చేయాల్సిన పనిని సుత్తితో చేయకండి.

35 విషయంలో ఈ బాధలేవీ లేవు. 1977 తర్వాతి ఎక్స్‌ఎస్650 ముందు భాగాన్ని క్లాంపులతో సహా తీసుకుంటే మీ మెడలో కూర్చుంటుంది. అయినా బేరింగు కొలిచాకే ఎక్కించండి.

పాతవాసన

చరిత్ర కూడా కొంచెం. హార్లీ డర్ట్ ట్రాక్ బండి ఎక్స్‌ఆర్750 1970లో వచ్చినప్పుడు దానికి సెరియానీ (ఇటలీ కంపెనీ) ఫోర్కులే ఉండేవి. ఆ తరం పందెపు బండ్లలో సెరియానీ 35 మి.మీ. అంటే ఎంతో గౌరవం. 1973, 1974లలో కెన్నీ రాబర్ట్స్ యమహా మీద అమెరికాలో గ్రాండ్ నేషనల్ టైటిళ్లు గెలిచిన రోజుల్లో, డర్ట్ ట్రాక్‌ల మీద అతని కింద ఉన్నది ఈ 650 వంశపు ఇంజినే. నేటి కొలతల్లో చూస్తే అప్పటి గొట్టాలన్నీ సన్నవే. వాటితోనే మైలు ట్రాక్‌ల మీద పూర్తి వేగంతో జారించారు.

బలభీమ43

అప్పటి టైర్లు వేరు, అప్పటి పట్టు వేరు. అప్పుడు ఉన్నది అదే కాబట్టి వాడారు. ఇవాళ ఎవరైనా కొత్తగా ఫ్రేము కట్టి 35 వేస్తారా?

ఎడమమలుపు

మలుపులో బండి పూర్తిగా ఒరిగి ఉన్నప్పుడు గతుకు దెబ్బ ఫోర్కు జారే దిశలో రాదు, పక్కనుంచి వస్తుంది. ఆ దెబ్బను స్ప్రింగు ఆపలేదు. టైరు పక్కగోడ, స్పోకులు, గొట్టాల కొద్దిపాటి వంపు, ఇవే ఆపాలి. 43 గొట్టాలు, దిమ్మల్లాంటి క్లాంపులు, పైన మళ్లీ బ్రేసు (రెండు కాళ్లను కలిపే అడ్డపట్టీ) వేసిన బండి ఒకటి నడిపాను. నునుపైన ట్రాక్ మీద అద్భుతంగా ఉంది. మధ్యాహ్నానికి గాడులు పడ్డాక ముందు చక్రం గతుకు గతుకుకూ పక్కకు గెంతడం మొదలుపెట్టింది. బిగువు ఎక్కువైతే ఎప్పుడూ మేలేనన్నది తారు రోడ్డు లెక్క.

అలాగని మెలి తిరగడం మంచిదని కాదు. ముందుకు వెనక్కు కొంచెం వంగినా ఫరవాలేదు. ఒక కాలు ముందుకు, ఇంకోటి వెనక్కు పోతే మాత్రం ఒప్పుకోకూడదు. దానికి మందు లావు ఇరుసు, సరైన క్లాంపు బిగింపు, బ్రేసు.

రెండుసిలిండర్లు

లేతుమాస్టర్ గారు చెప్పినవన్నీ చేశాను. కోన్‌సెట్టులో గంటు స్పష్టంగా తెలుస్తోంది, హ్యాండిల్ నేరుగా ఉన్న చోటే ఆగుతోంది. పై రేసు తీసి చూస్తే గుండ్లు ఆనిన గుంటలు వరుసగా, గోటికి తగిలేంత లోతుగా ఉన్నాయి.

గాజు పలక సంగతి ఇంకా ఆశ్చర్యం. ఎడమ గొట్టానికి రెండు మూలలూ ఆనాయి. కుడివైపు కింది మూల దగ్గర పోస్టుకార్డు మందం అట్ట మూడు పొరలు దూరింది. గొట్టాలు తీసి డయల్ గేజి కింద తిప్పితే రెండూ బాగానే ఉన్నాయి, ముల్లు కదిలింది 0.05 లోపే. అంటే మెలిపడింది కింది క్లాంపే. ఈ బండి నా చేతికి రాకముందు ఎప్పుడో గట్టిగా పడి ఉంటుంది.

ఇక ట్రెయిల్. ధూళిరేఖ గారి పద్ధతిలో ఆర్6 క్లాంపుతో లెక్కేస్తే ట్రెయిల్ 130 పైనే వచ్చింది. వేరే క్లాంపులు చేయించడం ఇప్పట్లో నా వల్ల కాదు. కాబట్టి 35. క్లాంపులతో సహా తెచ్చాను, కోన్‌సెట్టు స్థానంలో టేపర్ రోలర్లు వేస్తున్నాను. ఇప్పుడు ఫోర్కు లోపలి పని గురించి చెప్పండి. స్ప్రింగులు పాతవే.

ఆయిల్‌సీలు

ఇది నా విభాగం, కాస్త పొడవుగా రాస్తాను.

ఈ 35 ఫోర్కులో ఉండేది డ్యాంపర్ రాడ్. అంటే చిల్లులున్న గొట్టం. నెమ్మదిగా కదిలేటప్పుడు ఆయిల్ చిల్లుల్లోంచి సాఫీగా పోతుంది, డ్యాంపింగ్ ఉన్నట్టే ఉండదు. గతుకు గట్టిగా తగిలితే అదే చిల్లులోంచి ఆయిల్ పోలేక ఫోర్కు బిగుసుకుపోతుంది. మనకు కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు. అందుకే ఎమ్యులేటర్లు. స్ప్రింగు కింద, రాడ్ తల మీద కూర్చునే చిన్న వాల్వు అది. అణిగేటప్పటి డ్యాంపింగ్‌ను అది చూసుకోవాలంటే రాడ్ చిల్లులు అడ్డుపడకూడదు. కాబట్టి రాడ్ అడుగున 8 మి.మీ. చిల్లులు మొత్తం ఆరు ఉండేలా పెంచాలి. ఎదురెదురుగా రెండేసి చొప్పున, ఒక జతకూ మరో జతకూ ఎత్తు మార్చి, 90 డిగ్రీలు తిప్పి వేయండి. అన్నీ ఒకే వరుసలో వేస్తే రాడ్ అక్కడే విరుగుతుంది. లోపలి అంచుల్లో ముళ్లు మిగలకుండా గీకి, కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టండి. ఒక్క పీచు మిగిలినా వాల్వులో ఇరుక్కుంటుంది.

ఫోర్కు తిరిగి లేచేటప్పటి డ్యాంపింగ్ మాత్రం ఆయిల్ చిక్కదనం మీదే ఆధారపడుతుంది. 15 గ్రేడుతో మొదలుపెట్టండి. గతుకు దాటాక ముందు భాగం ఎగిరెగిరి పడుతుంటే చిక్కటిది, వరుస గతుకుల్లో కిందికే కుంగి ఉండిపోతుంటే పలచటిది.

ఆయిల్‌ను మిల్లీలీటర్లలో కొలిచి పోయకండి. స్ప్రింగు బయట ఉంచి, ఫోర్కును పూర్తిగా అణచి, గొట్టం పైఅంచు నుంచి ఆయిల్ మట్టం దాకా కొలవాలి. నేను 140 మి.మీ. దగ్గర మొదలుపెడతాను. పైన మిగిలిన గాలి కూడా స్ప్రింగే. మట్టం 10 మి.మీ. పెంచితే మొదటి సగం ప్రయాణంలో తేడా తెలియదు, చివర్లో మాత్రం గట్టిపడుతుంది. ఫోర్కు అడుగుకు కొట్టుకుంటోందంటే స్ప్రింగు మార్చేముందు ఇది ప్రయత్నించండి.

స్ప్రింగు కుంగుదల. ఫోర్కు పూర్తిగా చాచి ఉన్నప్పుడూ, మీరు పందెపు బట్టలు వేసుకుని కూర్చున్నప్పుడూ కొలవండి. తేడా మొత్తం ప్రయాణంలో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలి. ఎమ్యులేటర్ ఎత్తు మేరకు పైన స్పేసర్ గొట్టాన్ని తగ్గించడం మరవకండి. లేకపోతే ప్రీలోడ్ (స్ప్రింగు ముందుగానే నొక్కుకుని ఉండటం) విపరీతంగా పెరుగుతుంది, మూత బిగించడానికే ఇద్దరు కావాలి.

స్పోకులరాముడు

ఆయిల్‌సీలు గారూ, ప్రయాణం తగ్గించడం గురించి చెప్పలేదు. రోడ్డు ఫోర్కుకు ఉన్నంత ప్రయాణం డర్ట్ ట్రాక్‌కు అక్కర్లేదు కదా?

ఆయిల్‌సీలు

అవును. డ్యాంపర్ రాడ్ తలకూ, దాని కింద ఉండే చిన్న స్ప్రింగుకూ మధ్య ఒక స్పేసర్ వేస్తే ఫోర్కు అంత తక్కువ చాచుకుంటుంది. 25 మి.మీ. స్పేసర్ వేస్తే ఫోర్కు పొడవు 25 తగ్గుతుంది, ముందు భాగమూ అంత దిగుతుంది, కాబట్టి రేక్ లెక్క మళ్లీ చూసుకోవాలి. పైన ప్రధాన స్ప్రింగును గానీ, దాని స్పేసర్‌ను గానీ అంతే తగ్గించాలి. స్ప్రింగును కోస్తే అది గట్టిపడుతుందని గుర్తుంచుకోండి. పనిచేసే చుట్లు 40 ఉన్నదాంట్లో 5 కోస్తే 14 శాతం గట్టిది అవుతుంది. ఒక్కోసారి మనకు కావలసింది అదే. తేలికపాటి నడిపేవాళ్లకు మాత్రం కాదు.

స్పోకులరాముడు

ఇరుసు సంగతి నేను చెప్తాను. మెలి తిరగకుండా ఆపడంలో ఇరుసుది పెద్ద వాటా అని ఎడమమలుపు గారన్నారు. హబ్బులో 6303 బేరింగులుంటే మీ పని సులువు. 6303 కొలత లోపల 17, బయట 47, వెడల్పు 14. దాని స్థానంలో 6204 వేయండి. బయట 47, వెడల్పు 14, లోపల 20. హబ్బును ముట్టుకోకుండానే 17 మి.మీ. ఇరుసు నుంచి 20కి వెళ్లొచ్చు. 6302 ఉన్న హబ్బు అయితే 6004 వేయొచ్చు. 15 నుంచి 20కి పోతారు, బయటి కొలత 42 రెండింటికీ ఒకటే, వెడల్పు మాత్రం 13కు బదులు 12, ఆ 1 మి.మీ. వాషర్‌తో సరిచేయాలి.

దీంట్లో రెండు మెలికలున్నాయి. బేరింగుల మధ్య ఉండే లోపలి స్పేసర్ గొట్టాన్ని కూడా 20కి కొత్తగా తిప్పించాలి, పొడవు పాతదానికి వెంట్రుకవాసి కూడా మారకూడదు. పొట్టిదైతే ఇరుసు బిగించగానే బేరింగులు పక్కకు నొక్కుకుని వేడెక్కుతాయి. ఇక రెండోది, ఫోర్కు కాళ్లలోని ఇరుసు రంధ్రాలు కూడా 20కి పెంచాలి. అక్కడ లోహం ఎంత మిగులుతుందో చూసి నిర్ణయించుకోండి. 35 ఫోర్కుకు నేనైతే ఉన్న ఇరుసే వాడి బ్రేసు వేస్తాను.

డర్ట్ ట్రాక్‌లో ముందు బ్రేకు వాడం కాబట్టి క్యాలిపర్ పట్టుకునే చెవులు కోసేయాలని చాలామందికి చేతులు దురద పెడతాయి. కోయండి, కానీ మడ్‌గార్డు బోల్టుల చోటు వదిలేయండి. బ్రేసు అక్కడే కూర్చుంటుంది.

ఎడమమలుపు

ఒక్క ముఖ్యమైనది అందరూ వదిలేశారు. స్టీరింగు ఎక్కడ ఆగుతుంది? మనం తిరిగేది ఎప్పుడూ ఎడమకే అయినా, వెనుక జారేటప్పుడు హ్యాండిల్ కుడికి తిరుగుతుంది. కొత్త క్లాంపు వేశాక కుడికి పూర్తిగా తిప్పి చూడండి. గొట్టం ట్యాంకుకు తగిలే ముందే స్టాపరు ఆగాలి. మధ్యలో మీ బొటనవేలు ఇరుక్కోకూడదు. ఫ్రేము మీద స్టాపరు చెవికి చిన్న ముక్క అతికించి సరిచేసుకోవచ్చు. ట్యాంకుకు సొట్ట పడితే పోయేది రంగే. పూర్తిగా జారుతున్నప్పుడు హ్యాండిల్ చాలకపోతే మాత్రం మీరే పోతారు.

లేతుమాస్టర్

బిగించే వరుస కూడా రాసుకోండి. ముందు క్లాంపుల పించ్ బోల్టులన్నీ (గొట్టాన్ని నొక్కి పట్టేవి) వదులుగా. స్టెమ్ మీద బేరింగు సర్దుబాటు. చక్రం లేకుండా హ్యాండిల్‌ను ఒక పక్కకు కొంచెం తోస్తే దాని బరువుకు అదే పడిపోవాలి, ఆట మాత్రం ఉండకూడదు. కింది క్లాంపు బోల్టులు, పై నట్టు, పై క్లాంపు బోల్టులు. చక్రం ఎక్కించి ఇరుసు నట్టు బిగించండి, కాలి దగ్గర ఇరుసును పట్టుకునే పించ్ బోల్టు మాత్రం వదులుగానే ఉంచండి. బండిని కిందికి దించి ఫోర్కును నాలుగైదుసార్లు బలంగా అణచండి. కాళ్లు తమ చోటు తాము వెతుక్కుంటాయి. అప్పుడే ఆ పించ్ బోల్టు. ఈ వరుస తప్పితే కొత్త ఫోర్కు కూడా పట్టేసినట్టు నడుస్తుంది, అందరూ స్ప్రింగును తిడతారు. టార్క్ అంకెలు మాన్యువల్‌లో చూసుకోండి. క్లాంపు బోల్టును భుజబలంతో బిగిస్తే గొట్టం అక్కడ నొక్కుకుపోతుంది.

రెండుసిలిండర్లు

బండి ట్రాక్ మీదికి వెళ్లొచ్చింది. 35 ఫోర్కులు, వాటి క్లాంపులు, టేపర్ రోలర్లు, ఎమ్యులేటర్లు, బ్రేసు. ఇరుసు పాతదే. గొట్టాలను పై క్లాంపు పైకి 15 మి.మీ. లేపాను. ఆయిల్ మట్టం 140తో వెళ్తే రెండోసారి తిరిగేటప్పటికే అడుగుకు తగిలింది. మట్టం పెంచి 125కి తెచ్చాక తగలలేదు.

హ్యాండిల్ ఒకవైపు, చక్రం ఒకవైపు అన్న భావన పూర్తిగా పోయింది. గాజు పలక మళ్లీ పెట్టి చూశాను, నాలుగు మూలలూ ఆనాయి. ఇప్పుడు కొత్త బెంగ: యాక్సిలరేటర్ మూసి మలుపులోకి దిగే క్షణంలో ముందు చక్రం బయటికి తోస్తోంది. తెరిస్తే సర్దుకుంటుంది.

ధూళిరేఖ

యాక్సిలరేటర్ మూసినప్పుడే తోస్తోందంటే ఫోర్కును ముందు చూడకండి, వెనుకను చూడండి. వెనుక షాకులు పొట్టివైతే రేక్ పడుకుంటుంది, ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది. వెనుక 10 మి.మీ. లేపి ప్రయత్నించండి. అప్పటికీ తోస్తే గొట్టాలను ఇంకో 5 పైకి. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు.

ఎడమమలుపు

ముందు టైరు గాలి ఎంత పెట్టారో కూడా చూడండి. గట్టిగా ఉంటే అంచు మట్టిని పట్టుకోదు.

బలభీమ43

43 వేసుకుని ఉంటే ఈ బెంగ వచ్చేది కాదు.

ధూళిరేఖ

వేరేది వచ్చేది.

కొత్తపానా

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. రెండుసిలిండర్లు గారూ, మీ పాత 34 క్లాంపులు అమ్ముతారా? నా దగ్గర అదే బండి ఉంది, నాది కింది క్లాంపు పగిలింది. కొంచెం మెలి అయితే ప్రెస్సులో పెట్టించి సరిచేయించుకుంటాను.

రెండుసిలిండర్లు

పైది ఊరికే ఇస్తాను, గొట్టాలు కూడా తీసుకోండి, నిటారుగా ఉన్నాయి. కిందిది ఇవ్వను.

లేతుమాస్టర్

ఇవ్వకండి. పోత ఇనుమైనా, పోత అల్యూమినియమైనా ఒకసారి మెలిపడినదాన్ని చల్లగా వెనక్కు వంచితే పగులు లోపలే మొదలవుతుంది, బయటికి కనిపించదు. కొత్తపానా గారూ, 35 సెట్టు వెతుక్కోండి, పై పోస్టుల్లో కొలతలన్నీ ఉన్నాయి. రెండుసిలిండర్లు గారూ, ఆ కింది క్లాంపును రంపంతో రెండు ముక్కలు చేసి పాత ఇనుముకు వేసేయండి. అలమరలో ఉంటే ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు దాన్ని మళ్లీ బండికి ఎక్కిస్తారు.